మంద మేసే నేలే పిట్ట పొదిగే నేల

అందరికీ నమస్కారం.

పక్షుల సంరక్షణ పని మీద అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో మొదటిసారి ఒక రాంచ్ గేటు ముందు ట్రక్కు దిగినప్పుడు, లోపలి నుంచి వచ్చిన పెద్దాయన నా పేరు అడగలేదు. "పిట్ట కోసం వచ్చారా, నా భూమి కోసం వచ్చారా?" అని అడిగారు. పిట్ట కోసమే అన్నాను. "అయితే రెండూ ఒకటే" అని గేటుకు అటువైపే నిలబడ్డారు. ఊరక రారు మహానుభావులు అన్నట్టు ఉంది ఆ చూపు. ఆరోజు నన్ను లోపలికి రానివ్వలేదు.

ఆయన అన్న మాట గురించే ఈరోజు మాట్లాడతాను. పిట్టా భూమీ ఒకటే అన్నది నిజం. కాకపోతే ఆయన భయపడిన అర్థంలో కాదు.

రాంచ్ అంటే మనలో చాలామందికి గుర్రాలు, పెద్ద టోపీలు గుర్తొస్తాయి. అసలు పని వేరు. సొంత నేల మీద, కౌలుకు తీసుకున్న ప్రభుత్వ నేల మీద ఆవుల మందను మేపడం, చలికాలం చివర ఈనిన దూడల్ని పెంచి ఆకురాలే కాలంలో అమ్ముకోవడం. ఏడాది పొడుగునా చాకిరీ ఉంటుంది, డబ్బు చేతికొచ్చేది మాత్రం ఒక్కసారే. వాన పడకపోతే గడ్డి లేదు, గడ్డి లేకపోతే మందలో సగం తెగనమ్ముకోవాలి. ఒకసారి మంద పోతే మళ్ళీ కూడగట్టడానికి ఏళ్ళు పడుతుంది. ఈ టెన్షన్ అర్థం కానివాళ్ళు రాంచర్‌తో పిట్టల గురించి మాట్లాడటం మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం.

ఇక పిట్టల సంగతి. 2019లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 1970 నుంచి ఉత్తర అమెరికాలో పక్షుల సంఖ్య దాదాపు 290 కోట్లు తగ్గిపోయిందని అందులో లెక్కగట్టారు. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్నవి గడ్డినేలల పిట్టలు. 70 కోట్లకు పైగా పోయాయి, అంటే సగానికి పైగా. అడవి పిట్ట పోతే అడవి నరికారని వెంటనే తెలుస్తుంది. గడ్డినేల పోయినప్పుడు అది పోయిందని కూడా ఎవరికీ తట్టదు. అక్కడ పచ్చటి మొక్కజొన్న కనిపిస్తూనే ఉంటుంది కదా.

ఈ పిట్టల్లో ఎక్కువభాగం నేల మీదే గూడు పెడతాయి. గడ్డి దుబ్బు మొదట్లో చిన్న గుంట చేసుకుని, అందులో నాలుగు గడ్డిపరకలు పరుచుకుంటాయి. నాగలి పడిందంటే ఆ గూటికి చోటే ఉండదు. పొడుగు గడ్డి ప్రెయిరీ అని ఒకటుండేది, మనిషి భుజం దాకా పెరిగే గడ్డి. అందులో ఇప్పుడు నూటికి 4 వంతులే మిగిలింది. మిగిలినదాంట్లో పెద్ద ముక్క కాన్సస్‌లోని ఫ్లింట్ హిల్స్. అది ఎందుకు మిగిలిందో తెలుసా? ఎవరో కాపాడాలని నిర్ణయించి కాదు. ఆ నేలలో పైపొర కిందే రాయి. నాగలి దిగలేదు. దున్నడానికి పనికిరాని నేలను మేతకు వదిలేశారు. మేతకు వదిలేశారు కాబట్టే అక్కడ ఇప్పటికీ ప్రెయిరీ కోడి కూస్తుంది.

ఆవుకూ ఈ నేలకూ ఉన్న సంబంధం గురించి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. ఆవులు రాకముందు ఇక్కడ గడ్డి ఎవరూ ముట్టకుండా పెరిగేదని, ఆవులొచ్చి పాడుచేశాయని. కానీ ఈ నేల మీద బైసన్లు, అంటే అక్కడి అడవి దున్నలు, కోట్లలో తిరిగేవి. మూడు కోట్లని కొందరు, ఆరు కోట్లని కొందరు లెక్క చెప్తారు. 1880లు ముగిసేసరికి వందల్లోకి వచ్చేశాయి, అది వేరే విషాదం. ఆ మందలు ఒక చోట గడ్డిని మొదలంటా మేసి, తొక్కి, ముందుకు పోయేవి. మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలియదు. మధ్యలో మంటలు వచ్చేవి. పిడుగు పడి కొన్ని, ఆదివాసీ జాతులు పెట్టినవి కొన్ని. కాలిన చోట లేత గడ్డి మొలిస్తే మంద అక్కడికే చేరేది. మిగతా చోట గడ్డి ఏపుగా పెరిగేది. అంటే ఒకే నేల మీద ఒక పక్క బోడిగా, ఒక పక్క మోకాలెత్తు, ఇంకో పక్క నడుమెత్తు గడ్డి ఉండేది.

పిట్టలు ఈ తేడాలకు అలవాటుపడ్డాయి. మౌంటెన్ ప్లవర్ అనే పిట్టకు దాదాపు బోడినేల కావాలి. గట్టిగా మేసేసిన చోట, ప్రెయిరీ డాగ్‌లనే, బొరియల్లో బతికే ఉడుత జాతి జంతువులు కొరికి చదును చేసిన చోట గుడ్లు పెడుతుంది. చెస్ట్‌నట్ కాలర్డ్ లాంగ్‌స్పర్‌కు పొట్టి గడ్డి ఉండాలి, దానిలో అక్కడక్కడా దుబ్బులూ ఉండాలి. హెన్‌స్లో పిచ్చుకకు ఒత్తైన పొడుగు గడ్డి, కింద రెండు మూడేళ్ళ ఎండుగడ్డి పొర కావాలి. ఈ మూడింటికీ కలిపి ఒకే సలహా ఇవ్వమంటే ఎవరూ ఇవ్వలేరు. "మేత తగ్గించండి" అంటే ప్లవర్ పోతుంది. "బాగా మేపండి" అంటే హెన్‌స్లో పోతుంది.

అసలు చిక్కు ఇక్కడే. చిన్నప్పటి నుంచి రాంచర్‌కు నేర్పిందేమిటంటే, గడ్డి అంతా ఒకే తీరుగా మేయించడం మంచి యాజమాన్యం అని. కొంతమేర బోడిగా, కొంతమేర గుబురుగా కనిపిస్తే పక్కవాళ్ళు "ఈయనకు పని రాదు" అనుకుంటారు. ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు దీన్ని తలకిందులు చేశారు. పొలాన్ని మూడు వంతులు చేసి ఏటా ఒక వంతు మాత్రమే కాల్చమన్నారు. లోపల అడ్డుకంచెలు అక్కర్లేదు. కాలిన చోట మొలిచే లేత గడ్డిలో సారం ఎక్కువ, కాబట్టి ఆవులు వాటంతట అవే అక్కడ చేరతాయి. మిగతా రెండు వంతులకూ విశ్రాంతి దొరుకుతుంది. మూడేళ్ళకు చక్రం తిరిగొస్తుంది. ఫ్లింట్ హిల్స్‌లో చాలామంది ఏటా వసంతంలో పొలమంతా కాలుస్తారు. అలా కాల్చిన ఏడు ప్రెయిరీ కోడి గూడు పెట్టుకోవడానికి కిందటేటి గడ్డి ఒక్క దుబ్బు కూడా మిగలదు. మూడో వంతు పద్ధతిలో రెండు వంతులు మిగులుతుంది. దూడల బరువు తగ్గకుండానే ఇది సాధ్యమని చూపించాకే రాంచర్లు వినడం మొదలుపెట్టారు. బరువు సంగతి చెప్పకుండా పిట్ట సంగతి ఒక్కటే చెప్పి ఉంటే ఎవరు వినేవాళ్ళు?

ఇప్పుడు నేను ఎక్కువ కాలం గడిపిన పిట్ట దగ్గరికి వస్తాను. సేజ్ గ్రౌస్. కోడి జాతే, కానీ పెద్దది. పడమటి రాష్ట్రాల్లో, సేజ్‌బ్రష్ అనే బూడిదరంగు పొదల మధ్య బతుకుతుంది. చలికాలమంతా ఆ పొద ఆకులే తింటుంది. ఒకప్పుడు తిరిగిన నేలలో ఇప్పుడు సుమారు సగంలోనే ఉంది, 11 రాష్ట్రాల్లో. వసంతంలో తెల్లవారకముందే పుంజులు ఒక బయలు మీద చేరతాయి. ఆ బయలును లెక్ అంటారు. ఛాతీ మీది పసుపు సంచుల్లో గాలి నింపి, తోక ఈకలు విసనకర్రలా విప్పి ఆడతాయి. మన బట్టమేక పక్షి ఆటను చూసినవాళ్ళకు ఆ గాలి సంచీ, ఆ ఠీవి వెంటనే గుర్తొస్తాయి.

ఈ పిట్ట బతుకును అర్థం చేసుకోవాలంటే భూమి ఎవరిదో చూడాలి. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద జనం పడమటికి వచ్చి 160 ఎకరాల చొప్పున తీసుకున్నారు. ఎండు ప్రాంతంలో తెలివైనవాడు ఏ ఎకరాలు తీసుకుంటాడు? వాగు పక్కవి, ఊట దగ్గరవి. నీళ్ళు లేని మెట్ట నేల ఎవరికీ అక్కర్లేక ప్రభుత్వానికే మిగిలింది. అందుకే ఇప్పుడు మెట్టంతా ఎక్కువగా ప్రభుత్వానిది, తడి నేల రాంచర్‌ది. సేజ్ గ్రౌస్ పెట్ట మెట్ట మీద పొద కింద గుడ్లు పెడుతుంది. పిల్లలు పుట్టాక వాటికి పురుగులు, లేత ఆకులు కావాలి. ఎండాకాలం ముదిరేకొద్దీ మెట్ట ఎండిపోతుంది. తల్లి పిల్లల్ని వెంటేసుకుని తడి ఉన్న చోటికి దిగుతుంది. అది రాంచర్ ఎండుగడ్డి కోసం పెంచే పచ్చిక. వసంతంలో ప్రభుత్వ పిట్ట, ఎండాకాలంలో రాంచర్ పిట్ట. ప్రభుత్వ భూమిని ఎంత బాగా చూసుకున్నా, ఆ తడి పచ్చిక ఇళ్ళ ప్లాట్లయిపోతే పిల్లలు బతకవు.

మరి రాంచర్‌కు భయం ఎందుకు? అమెరికాలో 1973 నాటి అంతరించే జాతుల చట్టం ఉంది. గొప్ప చట్టమే, నేను దాన్ని గౌరవిస్తాను. కానీ పొలం మీద దాని నీడ వేరేలా పడుతుంది. జాబితాలోకెక్కిన పిట్ట మీ పొలంలో కనిపిస్తే మీ చేతులు కట్టేస్తారనే భయం. "కాల్చి చంపు, పూడ్చు, నోరు మూసుకో" అనే మాట ఒకటి ఆ ప్రాంతాల్లో తిరిగేది. అందరూ అలా చేశారని కాదు. కానీ పిట్టను కాపాడిన రైతుకు శిక్ష, ముందే పొద పీకేసిన రైతుకు బెంగ లేకపోవడం, ఇలా ఉంటే ఎవరు కాపాడతారు చెప్పండి.

2010లో ప్రభుత్వం ఈ పిట్టను జాబితాలో చేర్చడానికి అర్హత ఉందనీ, అంతకంటే అత్యవసరమైనవి ఉన్నాయి కాబట్టి ఇప్పుడే చేర్చడం లేదనీ చెప్పింది. తలమీద కత్తి వేలాడదీసినట్టయింది. అదే ఏడు వ్యవసాయ శాఖ కింద పనిచేసే సహజ వనరుల సంరక్షణ సంస్థ సేజ్ గ్రౌస్ ఇనిషియేటివ్ మొదలుపెట్టింది. ఇష్టపడి వచ్చిన రాంచర్‌తోనే పని. ఖర్చులో పెద్ద భాగం ఆ సంస్థే భరిస్తుంది. మరోపక్క హామీ ఒప్పందాలు వచ్చాయి. ఇప్పుడు మీరు ఫలానా పనులు చేస్తానని సంతకం పెడితే, రేపు పిట్ట జాబితాలోకెక్కినా మీ నుంచి ఇంకేమీ అడగం అని. ఒరెగాన్‌లో హార్నీ కౌంటీ రాంచర్లు ఈ ఒప్పందాల్లో ముందు నిలిచారు. "పిట్టకు మంచిదే మందకూ మంచిది" అన్న మాట రాంచర్ల నోటి నుంచే ఊరూరా పాకింది. 2015 సెప్టెంబరు 22న, ఈ పిట్టను జాబితాలో చేర్చాల్సిన అవసరం లేదని ప్రభుత్వం ప్రకటించింది. ఆ తర్వాత ప్రభుత్వ భూముల ప్రణాళికల మీద వివాదాలు ఆగలేదు, సంఖ్యలు చాలాచోట్ల ఇంకా పడుతూ లేస్తూ ఉన్నాయి. గెలిచేశామని నేను చెప్పను. కానీ అప్పటిదాకా గేటుకు అటూ ఇటూ నిలబడినవాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.

ఆ పనులేమిటో చెప్తాను. మొదటిది జూనిపర్ చెట్లు. చెట్లు నరికి పిట్టను కాపాడటమా అని ఆశ్చర్యపోకండి. మంటల్ని ఆపేయడం వల్ల, పాతకాలంలో విపరీతంగా మేపి మంటకు దారి లేకుండా చేయడం వల్ల ఈ చెట్లు కొండల మీది నుంచి సేజ్‌బ్రష్ నేలలోకి దిగాయి. సేజ్ గ్రౌస్‌కు చెట్టంటే దాని మీద కూర్చునే డేగ. ఒరెగాన్‌లో చూస్తే, చెట్ల నీడ నేలలో నూటికి 4 వంతులు దాటిన చోట ఒక్క లెక్ కూడా మిగల్లేదు. 4 వంతులంటే మన కంటికి అసలు అడవిలా కనిపించదు, అక్కడక్కడా చెట్టు. పిట్టకు అదే చాలు, వెళ్ళిపోతుంది. ఇక్కడ రాంచర్ బాధ కూడా అదే. జూనిపర్ నీళ్ళు తాగేస్తుంది, కింద గడ్డి మొలవదు. ఇద్దరి శత్రువూ ఒకటే కాబట్టి ఎవరినీ బతిమాలాల్సిన పని లేకపోయింది. వందల ఏళ్ళ ముసలి చెట్లను వదిలి, కొత్తగా దిగిన వాటిని తీసేశారు. మూడు నాలుగేళ్ళలోనే పెట్టలు ఆ చోట గూళ్ళు పెట్టడం మొదలైంది.

రెండోది కంచె. పుంజులు చీకట్లోనే, తక్కువ ఎత్తులో లెక్ వైపు ఎగురుతాయి. ముళ్ళతీగ కనిపించదు. తీగకు తగులుకున్న ఈకల్ని మొదటిసారి చూపించింది ఒక రాంచర్ భార్యే. ఆవిడ దాన్ని ఏళ్ళ తరబడి చూస్తున్నారట, చెబితే ఏం గొడవొస్తుందోనని ఊరుకున్నారట. దానికి పరిష్కారం చాలా చవక. పై తీగకు అక్కడక్కడా తెల్లటి ప్లాస్టిక్ ముక్కలు తగిలించడం, అంతే. ఐడహోలో లెక్కపెడితే ఢీకొనడాలు నూటికి 80 దాకా తగ్గాయి. అన్ని కంచెలకూ అక్కర్లేదు. లెక్‌కు దగ్గరగా, చదును నేల మీద ఉన్నవాటికి చాలు.

నీటి తొట్ల సంగతీ అంతే. నీళ్ళు తాగడానికి వాలిన పిట్ట నున్నటి అంచు పట్టుకోలేక మునిగిపోతుంది. తొట్టిలో ఒక వాలు జాలీ పెడితే ఎక్కి బయటపడుతుంది. ఇది రాంచర్‌కు వెంటనే నచ్చుతుంది. చచ్చిన పిట్ట కుళ్ళిన నీళ్ళు ఆవులు తాగడం ఎవరికిష్టం?

ఇప్పుడు మావైపు తప్పు ఒకటి చెప్పాలి. చాలాకాలం మేం రాంచర్లకు గడ్డి ఎత్తు గురించి గట్టిగా చెప్పాం. గూటి చుట్టూ 7 అంగుళాల గడ్డి ఉండాలి, లేకపోతే గుడ్లు దక్కవు అని. గూళ్ళ దగ్గర కొలిస్తే అలాగే కనిపించింది మరి. పిల్లలు పుట్టిన గూళ్ళ దగ్గర గడ్డి పొడుగు, పాడైన గూళ్ళ దగ్గర పొట్టి. తర్వాత కొందరు శాస్త్రవేత్తలు ఒక చిన్న ప్రశ్న వేశారు. ఎప్పుడు కొలిచారు? గూడు పాడైన రోజున వెళ్ళి కొలిచేవాళ్ళు, పిల్లలు పుట్టిన గూటికి పుట్టాక వెళ్ళి కొలిచేవాళ్ళు. నక్క మొదటి వారంలోనే గుడ్లు తినేస్తే కొలత అప్పుడే అయిపోయింది. నిలిచిన గూటికి కొలత మూడు నాలుగు వారాల తర్వాత. ఈలోగా వసంతపు గడ్డి పెరగదా? అన్నిటినీ ఒకే లెక్కన తేదీ సరిచేసి చూస్తే, చాలాచోట్ల ఆ తేడా మాయమైంది.

ఈ సంగతి ఒక సమావేశంలో రాంచర్లకు చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు చేతులు చల్లబడ్డాయి. ఏళ్ళ తరబడి మేం చెప్పిన అంకె పట్టుకుని మందను ముందే తరలించినవాళ్ళున్నారు అందులో. చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకావిడ లేచి, "తప్పయిందని చెప్పడానికి ఇంతదూరం వచ్చిన మొదటి మనిషి మీరే" అన్నారు. ఆ ప్రాంతంలో నాకు ఎక్కువ గేట్లు తెరుచుకున్నది ఆ సాయంత్రం తర్వాతే.

అంటే ఆవు ఏ తప్పూ చేయదని కాదు. వాగు ఒడ్డున మందను ఎండాకాలమంతా వదిలేస్తే ఒడ్డు విరిగి, నీరు లోతుకు కోసుకుపోయి, పచ్చిక ఎండిపోతుంది. పాతకాలపు అతిమేత వల్ల చీట్‌గ్రాస్ అనే బయటి గడ్డి పాకింది. అది జూన్‌కల్లా ఎండి పెట్రోలులా అంటుకుంటుంది. సేజ్‌బ్రష్ కాలితే మొదలు నుంచి చిగురించదు, విత్తనం నుంచే రావాలి, దశాబ్దాలు పడుతుంది. ఆవుల వెంట కౌబర్డ్ వస్తుంది, ఇతర పిట్టల గూళ్ళలో గుడ్లు పెట్టిపోతుంది. ఇవన్నీ నిజాలే. ఎన్ని ఆవులు, ఎప్పుడు, ఎంతకాలం, ఎంత విశ్రాంతి అన్నదాన్ని బట్టి అదే ఆవు మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. మేతను సరిదిద్దవచ్చు. దున్నిన ప్రెయిరీనీ, ఇళ్ళు లేచిన పచ్చికనూ వెనక్కి తెచ్చే మార్గం నాకు కనిపించలేదు. అందుకే రాంచర్ దివాలా తీస్తే నాకు భయం వేస్తుంది. ఆ భూమి తర్వాత ఎవరి చేతిలో పడుతుందో ఊహించగలను కాబట్టి.

కాబట్టి డబ్బు గురించి సిగ్గుపడకుండా మాట్లాడాలి. పక్షుల సంరక్షణ కోసం పనిచేసే ఆడబాన్ సొసైటీ రాంచ్‌లకు ఒక ధ్రువీకరణ ఇస్తుంది. పక్షులకు అనుకూలంగా నేలను చూసుకుంటే మాంసం ప్యాకెట్ మీద ఆ ముద్ర వేసుకోవచ్చు, కొనేవాళ్ళు దాన్ని చూసి ఎంచుకుంటారు. ఇంకొందరు సంరక్షణ ఒప్పందం రాస్తారు. భూమి తమదే, మేపుకుంటారు, అమ్ముకుంటారు, పిల్లలకిస్తారు. ముక్కలు చేసి ప్లాట్లుగా అమ్మే హక్కు మాత్రం వదులుకుని దానికి డబ్బో పన్ను రాయితీయో పొందుతారు. నాకు అన్నిటికంటే నచ్చింది మాల్‌పాయ్ బోర్డర్‌లాండ్స్ గ్రూప్ వాళ్ళది. అరిజోనా, న్యూమెక్సికో సరిహద్దులో 1994లో రాంచర్లే పెట్టుకున్న సంస్థ. వాళ్ళు గడ్డి బ్యాంకు నడిపారు. కరువొచ్చిన రాంచర్ తన మందను పొరుగున ఉన్న పెద్ద రాంచ్ గడ్డి మీదికి తోలుకుపోవచ్చు. బదులుగా తన భూమిని ముక్కలు చేయనని రాసివ్వాలి. అతనికి అత్యవసరమైనది గడ్డి, నేలకు అత్యవసరమైనది విశ్రాంతి. రెండూ ఒకే కాగితం మీద తీరాయి.

ఇందాక టీ దగ్గర ఒక అమ్మాయి అడిగింది, ఈ పనిలోకి రావాలంటే ముందు ఏం నేర్చుకోవాలి అని. పిట్టల పేర్లు ఎలాగూ నేర్చుకుంటావు తల్లీ. ముందు గేటు సంగతి నేర్చుకో. తెరిచి ఉన్న గేటు తెరిచే వదలాలి, మూసి ఉన్నది మూసే వెళ్ళాలి. ఆవులు ఈనే రోజుల్లో మీటింగు పెట్టొద్దు, ఆ మనుషులకు రాత్రి నిద్ర ఉండదు. మొదటిసారి వెళ్ళినప్పుడు కాగితాలు తీసుకెళ్ళొద్దు. పొలం చూపించమని అడుగు, ట్రక్కులో పక్కన కూర్చో, వాళ్ళు చెప్పేది విను. ఏ ఊట ఏ ఏడు ఎండిందో, ఏ గుట్ట మీద పిట్టలు ఆడటం మానేశాయో వాళ్ళ తాతల కాలం నుంచి చెప్తారు. మన దగ్గర అంత పాత లెక్కలు లేవు.

చివరగా ఒక రికార్డింగ్ వినిపించి ఆపేస్తాను. ఏప్రిల్‌లో, తెల్లవారుజామున తీసింది. మొదట్లో చెప్పిన ఆ పెద్దాయన పొలంలోది. గేటు తీయడానికి రెండేళ్ళు పట్టింది, తీశాక నన్ను నేరుగా ఈ లెక్ దగ్గరికే తీసుకెళ్ళారు, ట్రక్కు లైట్లు ఆర్పేసి. కుండలో నీళ్ళు బుడబుడలాడినట్టు వినిపించేవి పుంజులు. వెనకాల ఇంకో శబ్దం ఉంటుంది, అవి అప్పుడే ఈనిన ఆవులు, దూడల అరుపులు. రికార్డింగ్ శుభ్రం చేసినవాళ్ళు అది తీసేయమంటారా అని అడిగారు. ఉంచమన్నాను.

ఆ లైట్లు కొంచెం తగ్గించండి.